చేతి అలవాట్లు, పిస్టల్ అరుగుదల: లైసెన్సుదారులకు, షూటర్లకు ఒక మార్గదర్శి

మా షూటింగ్ రేంజ్‌లో తుపాకులు చూసే ముసలాయన్ని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. నేను కొత్తగా వెళ్తున్న రోజుల్లో ఒకసారి టేబుల్ దగ్గర కూర్చుని, ఖాళీ పిస్టల్ స్లయిడ్‌ను, అంటే పైనుండే కదిలే ఉక్కు భాగాన్ని, వెనక్కి లాగడం, వదలడం, మళ్లీ లాగడం చేస్తున్నాను. ఆ ఠక్ మనే చప్పుడు వినసొంపుగా ఉండేది. ఆయన రెండు లేన్ల అవతల ఏదో స్క్రూ బిగిస్తూ, తల కూడా ఎత్తకుండా, "బాబూ, తలుపు అట్లా ధడేల్మని వేస్తూ ఉంటే బందులు ఎన్నాళ్లు ఉంటాయి?" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. నాలుగు నెలల తర్వాత ట్రిగ్గర్ పట్టు మారిపోయి, పిస్టల్ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లాల్సి వచ్చినప్పుడు అర్థమైంది.

హైదరాబాద్‌లో లైసెన్స్ పిస్టల్ ఉన్నవాళ్లు నాకు తెలిసినంతలో ఏడాదికి కాల్చేది చాలా తక్కువ. తూటాలు ఖరీదు, పైగా లైసెన్స్ మీద రాసిన కోటా దాటకూడదు. ఆయుధం మాత్రం రోజూ చేతిలో పడుతూనే ఉంటుంది. రాత్రి ఇంటికి రాగానే ఖాళీ చేసి, పొద్దున బయల్దేరేటప్పుడు మళ్లీ నింపితే రోజుకు రెండుసార్లు, ఏడాదికి 730 సార్లు స్లయిడ్ లాగినట్టే. పేలిన రౌండ్లు (తూటాలు) ఇరవై, లాగిన లాగుడు వందల్లో. ఆ పిస్టల్ అరిగితే దేనివల్ల అరుగుతుందో లెక్క మీరే వేసుకోండి. అందుకే ఈ వ్యాసంలో కాల్పుల కంటే చేతి అలవాట్ల గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఒక మాట. మన దేశంలో 9 మి.మీ. నిషేధిత బోరు (గొట్టం సైజు) కింద వస్తుంది. కాబట్టి మామూలు లైసెన్స్ మీద ఉండే సెమీ ఆటోమేటిక్ దాదాపుగా .32 బోరుదే. క్రీడగా కాల్చేవాళ్ల చేతిలో ఎక్కువగా .22 ఉంటుంది. ఈ రెండింటి జబ్బులు వేరు, ఎక్కడికక్కడ చెప్తాను.

మొదటి అడుగు: ఖాళీ చేసే వరస

తూటాలు నింపే మ్యాగజైన్ ముందు బయటికి రావాలి. ఆ తర్వాతే స్లయిడ్ లాగాలి. ఈ వరస తారుమారైతే ఛాంబర్‌లో, అంటే కాల్చడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోట, ఉన్న రౌండ్ బయటపడుతుంది, కింది నుంచి ఇంకోటి లోపలికి ఎక్కుతుంది, మీరేమో "ఖాళీ" అనుకుంటారు. స్లయిడ్‌ను వెనక్కి ఆపి ఛాంబర్‌ను కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. ఈ పని చేసేటప్పుడు పిస్టల్ మూతి ఎప్పుడూ గోడవైపో నేలవైపో, మనుషులు లేని వైపే ఉండాలి. ఇంట్లో అయితే తూటాలు ఆ గదిలోనే ఉండకూడదని నా పట్టింపు. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

రెండో అడుగు: ఖాళీ ఛాంబర్ మీద స్లయిడ్ వదలడం మానేయండి

ఉస్తాద్ చెప్పిన తలుపు ఇదే. రౌండ్ ఉన్నప్పుడు స్లయిడ్ ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి తూటాను తోసుకుని, దాన్ని ఛాంబర్‌లోకి ఎక్కించే శ్రమలో కొంత వేగం పోగొట్టుకుంటుంది. ఖాళీగా వదిలితే ఆ అడ్డు లేదు. పూర్తి వేగంతో వచ్చి బ్యారెల్‌కు కొట్టుకుంటుంది. ఆ అదురు, ట్రిగ్గర్ నొక్కితే పడి తూటాను పేల్చే హ్యామర్‌కు, దాన్ని పట్టి ఉంచే సియర్‌కు తగులుతుంది. సియర్ అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ను ఆపి ఉంచే చిన్న ఉక్కు ముక్క. దాని అంచు గోటి మందం కూడా ఉండదు. పోటీల కోసం ట్రిగ్గర్‌ను నున్నగా, తేలికగా చేయించుకున్న పిస్టల్లో ఆ అంచు ఇంకా సున్నితం. ఇనుము ఇనుముకు తగిలీ తగిలీ అంచు మొద్దుబారుతుంది.

కాబట్టి ఖాళీ పిస్టల్ మూసేటప్పుడు స్లయిడ్‌ను చేత్తో పట్టుకుని నెమ్మదిగా ముందుకు దించండి. రౌండ్ ఎక్కించేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. వెనక్కి పూర్తిగా లాగి, చెయ్యి తీసేయాలి. భయపడుతూ చేత్తో పట్టుకుని దించితే స్లయిడ్ చివరిదాకా మూసుకోక, రౌండ్ సగంలో ఆగిపోతుంది. కొత్తవాళ్లు సరిగ్గా ఈ రెండింటినీ అటుది ఇటు చేస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు ధడేల్మనిపిస్తారు, నిండుగా ఉన్నప్పుడు బుజ్జగిస్తారు.

ఇంకో అలవాటు కూడా చూశాను. మ్యాగజైన్ నిండుగా పెట్టుకున్నా ఇంకో రౌండ్ అదనంగా కావాలని, తూటాను వేళ్లతో నేరుగా ఛాంబర్‌లో పడేసి దానిమీద స్లయిడ్ వదులుతారు. ఎక్స్‌ట్రాక్టర్ అంటే కాల్చిన కేసును (తూటా డొల్లను) వెనక్కి లాగే కొక్కెం. చాలా డిజైన్లలో రౌండ్ మ్యాగజైన్‌లోంచి పైకి లేస్తూ తన అంచును ఆ కొక్కెం కిందికి జార్చుకుంటుంది. ఛాంబర్‌లో ముందే ఉన్న రౌండ్ మీదికి కొక్కెం బలవంతంగా ఎగిరి కూర్చోవాల్సి వస్తే, కొన్నాళ్లకు దాని మొన విరుగుతుంది, లేదా బిగువు పోతుంది. కోల్ట్ 1911 తరహా పిస్టళ్లలో ఎక్స్‌ట్రాక్టర్ తానే ఒక స్ప్రింగులా పనిచేసే పొడవాటి కడ్డీ. దానికి ఇది మరీ హాని. అదనపు రౌండ్ కావాలంటే మ్యాగజైన్ నుంచి ఒకటి ఎక్కించి, మ్యాగజైన్ తీసి, దాంట్లో ఇంకోటి నింపి పెట్టుకోండి.

మూడో అడుగు: పైన ఉన్న ఆ ఒక్క రౌండ్‌ను గమనించండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. లైసెన్సుదారుల్లో నేను చూసిన అతి పెద్ద పొరపాటు ఇదే, దీనివల్ల పోయేది పిస్టల్ ఒక్కటే కాదు.

రోజూ నింపి, రోజూ ఖాళీ చేసే మనిషి మ్యాగజైన్‌లో పైన ఉండేది ఎప్పుడూ ఒకే రౌండ్. తీసిన రౌండ్‌నే మళ్లీ పైన నొక్కుతారు కాబట్టి. ప్రతిసారీ దాని ముక్కు బ్యారెల్ వెనకున్న ఏటవాలు మీద గుద్దుకుంటుంది. గుద్దుకున్న ప్రతిసారీ బుల్లెట్ కేసు లోపలికి కొద్దికొద్దిగా కూరుకుపోవచ్చు. కేసులో ఖాళీ తగ్గితే అదే మందు కాలినా పీడనం పెరుగుతుంది. చిన్న కేసుల్లో అర మిల్లీమీటరు తగ్గినా తేడా తెలుస్తుంది. కేసు పగలొచ్చు, మ్యాగజైన్ కిందికి ఎగిరిపోవచ్చు, చేతికి గాయం కావచ్చు.

పరీక్ష సులువు. డబ్బాలోంచి ఎప్పుడూ ఎక్కించని కొత్త రౌండ్ ఒకటి, రోజూ వాడే రౌండ్ ఒకటి తీసుకుని, అద్దం ముక్క మీద పక్కపక్కన నిలబెట్టండి. కంటి మట్టానికి వంగి చూడండి. వెర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకా మంచిది. ఈ .32 పిస్టళ్ల తూటా, .32 ఏసీపీ రౌండ్ మొత్తం పొడవు గరిష్ఠంగా 25 మి.మీ. ఉంటుంది. కంపెనీని బట్టి కొంచెం తక్కువ ఉండొచ్చు కాబట్టి, పోల్చడం ఎప్పుడూ అదే డబ్బాలోని రౌండ్‌తోనే. పొట్టిగా కనిపిస్తే దాన్ని కాల్చొద్దు. పట్టకారుతో బుల్లెట్ బయటికి లాగే ప్రయత్నం అసలే వద్దు. ఒక చిన్న డబ్బాలో విడిగా పెట్టి, లైసెన్స్ ఉన్న డీలర్‌కు అప్పగించండి.

మా బంధువు ఒకాయన, బేగంబజార్‌లో వ్యాపారం, ఇలా ఒకే రౌండ్‌ను దాదాపు మూడేళ్లు తిప్పాడు. దాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూపిస్తే, "అన్నా, ఇది చిన్నపిల్లలా ఉందేంటి?" అన్నాడు. బుల్లెట్ ముక్కు మీద రాగి పూత గీసుకుపోయి సీసం కనిపిస్తోంది. కేసు అంచు మీద కొక్కెం కొరికిన గీతలు వరసగా ఉన్నాయి, తాళం చెవిని ఎవరో రాయికి రాసినట్టు.

చేయాల్సింది రెండు పనులు. ఒకటి, ఖాళీ చేసినప్పుడు తీసిన రౌండ్‌ను మ్యాగజైన్ అడుగుకు పంపి వరస మార్చండి. ఏది ఎన్నిసార్లు పైకొచ్చిందో తెలియడానికి కేసు అడుగున మార్కర్‌తో చుక్క పెట్టుకోవచ్చు. రెండు, అవసరం లేకపోతే అసలు ఛాంబర్‌లోకి ఎక్కించకండి. బీరువాలో తాళం వేసి ఉంచే ఆయుధానికి రోజూ ఈ తతంగం ఎందుకు?

నాలుగో అడుగు: మ్యాగజైన్

జామ్ అయిందని నా దగ్గరికి తెచ్చిన పిస్టళ్లలో సగానికి పైగా తప్పు మ్యాగజైన్‌దే. పైన లోపలికి వంగి ఉన్న రెండు రేకు అంచులను ఫీడ్ లిప్స్ అంటారు. రౌండ్ ఏ కోణంలో పైకి లేవాలో నిర్ణయించేది అవే. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు తలకిందులుగా రేంజ్ సిమెంటు నేల మీద పడితే ఆ అంచులు వెంట్రుకవాసి విచ్చుకుంటాయి. కంటికి కనపడదు, రౌండ్‌కు మాత్రం తెలుస్తుంది. వంగినవాటిని ముక్కుపట్టకారుతో సరిచేసుకునే తెలివితేటలు నేనూ చూపించాను. ఆ మ్యాగజైన్ ఇప్పుడు మా అబ్బాయి పెన్‌స్టాండ్‌లో ఉంది.

మ్యాగజైన్లకు అడుగున 1, 2, 3 అని పెయింటుతో నంబర్లు వేయండి. జామ్ అయిన ప్రతిసారీ ఏ నంబరో రాసుకోండి. రెండు నెలల్లో దొంగ ఎవరో బయటపడతాడు. నిండుగా ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందని చాలామంది భయం. మంచి స్ప్రింగు నొక్కి ఉంచినందువల్ల పెద్దగా అరగదు, మాటిమాటికీ నొక్కి వదలడం వల్లే అలసిపోతుంది. కాబట్టి రోజూ నింపి ఖాళీ చేయడం దానికి విశ్రాంతి అనుకోకండి.

.32 వాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. .32 ఏసీపీ కేసు అడుగు అంచు కొంచెం బయటికి పొడుచుకు వస్తుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకు ముందు ఉండాలి. వెనక చిక్కుకుంటే రెండూ మెలిక పడి, స్లయిడ్ ఎంత లాగినా రౌండ్ పైకి రాదు. ఇది పిస్టల్ అరుగుదల అనుకుని ట్రిగ్గర్ పనులు చేయించుకున్నవాళ్లున్నారు. ఒక్కొక్క రౌండ్‌ను వెనక్కి పూర్తిగా జరిపి నొక్కండి, చివర్లో మ్యాగజైన్ వెనుక భాగాన్ని అరచేతికి మెత్తగా రెండుసార్లు తట్టండి.

ఐదో అడుగు: డ్రై ఫైరింగ్

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయడం డ్రై ఫైరింగ్. చేయకుండా ఎవరూ షూటర్ కారు. సమస్య ఏ పిస్టల్‌తో అన్నదే. .22 రౌండ్‌లో పేలే మందు కేసు అడుగు అంచు చుట్టూ ఉంటుంది కాబట్టి ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) అంచునే కొడుతుంది. అక్కడ కేసు లేకపోతే చాలా .22 పిస్టళ్లలో పిన్ ఛాంబర్ అంచునే పొడుస్తుంది. ఆ పోట్లకు ఛాంబర్ మూతి లోపలికి ఒరిగి, రౌండ్ సరిగా దిగదు, కాల్చిన కేసు రాదు. గచ్చిబౌలి రేంజ్‌లలో సాధన చేసే పిల్లల పోటీ పిస్టళ్లు చాలావాటిలో డ్రై ఫైర్ ఏర్పాటు విడిగా ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఆ మాట లేకపోతే స్నాప్ క్యాప్ (మందు లేని నకిలీ తూటా) లేకుండా ఒక్కసారి కూడా నొక్కకండి.

.32 లాంటి సెంటర్ ఫైర్ (పిన్ కేసు అడుగున మధ్యలో కొట్టే) పిస్టళ్లకు ఈ బాధ తక్కువ, బొత్తిగా లేదని కాదు. తాతల నాటి పిస్టళ్లలో ఫైరింగ్ పిన్‌కు ప్రత్యామ్నాయం దొరకడమే గగనం. స్నాప్ క్యాప్ కొనడం అంతకంటే చాలా సులువు. క్యాప్‌లను, నిజం రౌండ్లను ఒకే డబ్బాలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి గెలిచాక రేంజ్‌లలో .22 పట్టిన పిల్లలు పెరిగారు. వాళ్ల తల్లిదండ్రులకు ఒక సూచన. ఈ విభాగంలో ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి. సియర్ అరిగితే ఆ బరువు చెప్పకుండా పడిపోతుంది, పోటీ రోజు పరికరాల తనిఖీలో బయటపడుతుంది. నెలకోసారి కిలో తూకం రాయితో ట్రిగ్గర్ నిలుస్తుందో లేదో రేంజ్‌లోనే చూపించుకోండి.

ఆరో అడుగు: రికాయిల్ స్ప్రింగు

.32 పిస్టళ్లు చాలావరకు బ్లోబ్యాక్ పద్ధతివి. అంటే స్లయిడ్‌ను బ్యారెల్‌కు బిగించే తాళం ఏదీ ఉండదు. స్లయిడ్ బరువు, రికాయిల్ స్ప్రింగు బిగువు, ఈ రెండే వెనక్కి తన్నే శక్తిని ఆపుతాయి. స్ప్రింగు అలసిపోతే స్లయిడ్ ఫ్రేముకు గట్టిగా తగులుతుంది. గుర్తులు ఇవి: ఖాళీ కేసులు ఎప్పటికంటే దూరం ఎగరడం, చేతికి తన్ను పదునుగా అనిపించడం, ఫ్రేములో స్లయిడ్ ఆగే చోట లోహం నలిగి అంచు లేవడం. మెరిసే గీతలకు కంగారు పడకండి, రెండు లోహాలు రాసుకున్న చోట నలుపు పోయి మెరవడం మామూలే. గోటితో రాస్తే తగిలేలా అంచు లేచిందా, పగులు గీత ఉందా అన్నదే చూడాలి.

చిన్న పరీక్ష: ఖాళీ పిస్టల్ మూతి పైకి పెట్టి, స్లయిడ్‌ను పూర్తిగా లాగి, చేత్తో పట్టుకునే నెమ్మదిగా వదులుతూ రండి. చివరి అంగుళంలో స్ప్రింగు తన బలంతో పూర్తిగా మూయాలి. మధ్యలో ఆగిపోతే మార్చాల్సిందే. స్ప్రింగు కొన్నప్పుడే ఇంకోటి అదనంగా కొని, పాతదాని పక్కన పెట్టి పొడవు పోల్చడం ఇంకా నమ్మకమైన పద్ధతి.

పాత ఇళ్లలో ఇప్పటికీ వెబ్లీ అండ్ స్కాట్ .32లు ఉన్నాయి. వాటి రికాయిల్ స్ప్రింగు మామూలు చుట్ట కాదు, కుడివైపు పిడి రేకు కింద వి ఆకారంలో ఉండే పట్టీ. తెలియక ఆ పిడి స్క్రూ విప్పినవాళ్లను చూశాను. మీరు విప్పకండి.

ఏడో అడుగు: నూనె, చెమట, తోలు

మన ఊళ్లో నూనె పేరుతో జరిగే ఘోరాలు అన్నీ ఇన్నీ కావు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున హైదరాబాద్ ఎంత చల్లగా ఉంటుందో తెలుసు కదా, స్లయిడ్ పట్టాల్లో వెన్న పెట్టినట్టే. వంటనూనెలు నెలలు గడిచేకొద్దీ జిగురవుతాయి. కుట్టుమిషన్ నూనె అంత పాపం కాదు, కానీ పలచన, మే ఎండకు జారిపోతుంది. గన్ ఆయిల్ చిన్న సీసా ఒకటి కొంటే ఏళ్లు వస్తుంది.

పట్టాల మీద చెరో చుక్క, బ్యారెల్ బయటి వైపు పలచటి పూత, అంతే. ఫైరింగ్ పిన్ రంధ్రంలో పోయకండి, అక్కడ మసి పట్టి పిన్ నెమ్మదిస్తుంది. మ్యాగజైన్ లోపల నూనె వద్దే వద్దు, కేసు అడుగున మందు అంటించే ప్రైమర్‌లోకి ఇంకితే రౌండ్ పేలదు.

బ్యారెల్ తుడిచేటప్పుడు మూతి అంచును కాపాడుకోండి. బుల్లెట్ చివరిసారిగా తాకి వదిలే చోటు అది. ఇనుప కడ్డీ అక్కడ రాసుకుంటే గురి చెదురుతుంది. బ్యారెల్ ఊడేదైతే వెనక నుంచి తుడవండి. వాల్తర్ పీపీలా బ్యారెల్ ఫ్రేముకే బిగించినదైతే నాడాలా లాగే తాడు బ్రష్ వాడండి.

నడుముకు పెట్టుకునేవాళ్లు సాయంత్రం ఇంటికి రాగానే ఒంటి వైపు ఉన్న స్లయిడ్‌ను నూనె గుడ్డతో తుడవాలి. చెమటలో ఉప్పు ఉంటుంది, వానాకాలంలో ఒక్క రాత్రికే వేలిముద్ర ఆకారంలో తుప్పు వచ్చిన నీలి పూత పిస్టల్ నా కళ్లారా చూశాను. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో దాచకండి, తోలు తేమను పీల్చి వదలదు. కాటన్ గుడ్డ, పక్కన సిలికా జెల్ చాలు.

ఎన్నికలు వచ్చినప్పుడు

ఎన్నికల కోడ్ వస్తే ఆయుధాలు డిపాజిట్ చేయమంటారు. తెలంగాణలో 2023 నవంబరు 30న అసెంబ్లీకి, 2024 మే 13న లోక్‌సభకు పోలింగ్ జరిగింది. ఆ రెండు విడతల్లో ఎన్ని పిస్టళ్లు అల్మారాల్లో వారాలకు వారాలు పడున్నాయో. నాది ఒకసారి వెనక్కి వచ్చేసరికి స్లయిడ్ మీద ఎర్రటి చుక్కలు తేలాయి. ఎక్కడ అన్నది ఎందుకులెండి, తప్పు నాది కూడా. ఉస్తాద్ చూసి, "స్నానం చేయించి ఇచ్చావా, పొడి బట్ట కట్టించి ఇచ్చావా?" అన్నారు. నేను తోలు హోల్‌స్టర్‌తో సహా ఇచ్చాను.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. ముందురోజే ఖాళీ చేసి, తుడిచి, బయటా బ్యారెల్ లోపలా మామూలు కంటే కాస్త ఎక్కువ నూనె పూస్తాను. నూనెలో తడిపి పిండిన కాటన్ గుడ్డలో చుడతాను. సీరియల్ నంబరు కనిపించేలా, రెండు పక్కలా ఫొటోలు తీసుకుంటాను. రసీదులో మ్యాగజైన్ల సంఖ్య రాయించుకుంటాను. తిరిగి తెచ్చుకున్నాక, తూటా పెట్టేముందు బ్యారెల్‌లోకి వెలుతురు పెట్టి చూసి, ఎక్కువైన నూనె తుడిచేస్తాను.

ఎనిమిదో అడుగు: బిగించాక పరీక్ష, ఆ తర్వాత డీలర్

తుడిచి బిగించాక, ఖాళీ అని మళ్లీ చూసుకుని, స్నాప్ క్యాప్ పెట్టి ఇలా చేయండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడకూడదు. సేఫ్టీ తీసి నొక్కితే పడాలి. ట్రిగ్గర్‌ను నొక్కి పట్టుకునే స్లయిడ్ లాగి, చేత్తో నెమ్మదిగా ముందుకు దించండి, క్యాప్ బయటికి ఎగురుతుంది, హ్యామర్ పడకుండా నిలవాలి. ట్రిగ్గర్‌ను నెమ్మదిగా వదిలితే చిన్న టిక్ వినిపించాలి. స్లయిడ్‌తో పాటు హ్యామర్ కూడా జారి వచ్చేస్తే సియర్ పోయినట్టే. రేంజ్‌లో ఒక్క నొక్కుకు రెండు రౌండ్లు పేలినా అదే అర్థం. అక్కడితో ఆపి, మ్యాగజైన్ తీసి, ఇంకో రౌండ్ పెట్టకండి.

దాన్ని ఇంట్లో ఆకురాయితో రాయకండి. మరమ్మతు లైసెన్స్ ఉన్న చోటే చేయించండి, 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాల మరమ్మతు వ్యాపారానికి విడిగా లైసెన్స్ ఉండాలి. వెళ్లేటప్పుడు లైసెన్స్ పుస్తకం, అన్ని మ్యాగజైన్లు, మీ నోటుబుక్కు తీసుకెళ్లండి. నోటుబుక్కులో కాల్చిన రౌండ్ల లెక్క, స్ప్రింగు మార్చిన తేదీ, జామ్ అయిన తేదీ, ఏ నంబరు మ్యాగజైన్ అన్నది ఉంటే పని చేసేవాడికి సగం రోగం అక్కడే దొరుకుతుంది. "ట్రిగ్గర్ ఇంకొంచెం తేలిక చేసి ఇస్తా సార్" అంటే వద్దనండి. మార్చిన పాత ముక్కలను అడిగి తెచ్చుకోండి, రసీదు తీసుకోండి. నా సియర్ పాత ముక్క ఇప్పటికీ క్లీనింగ్ డబ్బాలో ఉంది. గోటితో రాస్తే దాని అంచు గుండ్రంగా తగులుతుంది, అరిగిపోయిన పాత రూపాయి బిళ్లలా.